ఎడమ పట్టికనుండి కుడి పట్టికకు

గత సంవత్సరపు వేసవి సెలవులలో మేము చేసిన యొక పనినిగూర్చి ఈ సంచికకు వ్రాయుమని సంపాదకవర్గమువారు మమ్ము గోరిరి. ఆ పని చక్కగా నెరవేరినదను తలంపుతో గోరిరో, లేక యందు మేము చేసిన పొరపాటు వారి చెవిని బడి గోరిరో యెరుగము. రెండింటినిగూర్చియు జెప్పుదుము.

మా యాజమాన్యము క్రింద నైదు పాఠశాలలు గలవు. విద్యార్థుల వివరములు ఒక్కొక్క పాఠశాలలో నొక్కొక్క రీతిగా నుంచబడుచుండెను. ఒకచోట ఫీజుల లెక్కకై కొనిన సాఫ్ట్‌వేరులోనే పేర్లును ఉండెను. ఒకచోట వసతిగృహపు లెక్క వేరు, తరగతి లెక్క వేరు. మా పాఠశాలలోనో, అట్టబైండు అడ్మిషను రిజిస్టరే మూలము. దానినిజూచి కార్యాలయపు కంప్యూటరులో నొక పట్టీ తయారు చేసి యుంచితిమి. ఈ యైదు విధముల వివరములును కేంద్రకార్యాలయమునందలి యొకే పట్టికలోనికి చేరవలెనని 2024వ సంవత్సరారంభమున నిర్ణయమయ్యెను. మా పూర్వవిద్యార్థి యొకడు హైదరాబాదులో నిట్టి పనులయందే యుద్యోగము చేయుచున్నాడు. అతడు పది దినములు సెలవు పెట్టి వచ్చి, ప్రతిఫలమేమియు గోరక, దీనికి వలయు నేర్పాటు చేసిపెట్టెదననెను. రిజిస్టర్ల సంగతి తెలిసినవారొకరు తన ప్రక్కన గూర్చుండవలెననుట మాత్రమే అతడు పెట్టిన షరతు. ఇరువదియేండ్లుగా నా రిజిస్టరు వ్రాయుచున్నది మేమే గనుక మేమే కూర్చుంటిమి.

ఈ విద్యలో ఒక కంప్యూటరునుండి మరియొకదానికి బోవు వివరముల మూటను సందేశమందురు. పంపువాని సందేశపు టాకారము వేరు, పుచ్చుకొనువాని సందేశపు టాకారము వేరు. నడుమ నెవరైన నొకదానిని రెండవదానిగా మార్చవలెను. ఇది క్రొత్తగా బుట్టిన యక్కర కాదు. ఆసుపత్రుల యంత్రములు తమలో తాము మాటలాడుకొనుటకై హెచ్.ఎల్. 7 అను ప్రమాణసంస్థ 1987లోనే యేర్పడెను. సందేశములను గురుతులతో వ్రాయు ఎక్స్.ఎం.ఎల్. 1998లోను, ఒక యాకారమును మరియొక యాకారముగా మార్చుటకై యేర్పడిన ఎక్స్.ఎస్.ఎల్.టి. యను భాష 1999 నవంబరు 16వ తేదీనను ప్రమాణములుగా ప్రకటింపబడెను. అయితే ఆ భాష వ్రాయుట యందరికి సాధ్యమగునది కాదు. కావున కొన్ని సంస్థలవారు వ్రాతకు బదులు బొమ్మ గీచి చూపు సాధనములను గల్పించిరి. మైక్రోసాఫ్టువారి బిజ్‌టాక్ సర్వరునందు తెరమీద గీచిన గీతలే తుదకు ఎక్స్.ఎస్.ఎల్.టి. గా మారును. మా యువకుడు దెచ్చినది ఐ.బి.యం. వారి ఆప్ కనెక్ట్ ఎంటర్‌ప్రైజు. దానియందును గ్రాఫికల్ మ్యాపు కలదు.

దాని నతడు మాకు జూపిన దినము మాకు జ్ఞాపకమున్నది. తెర యెడమ ప్రక్కను రాబోవు సందేశములోని గడులును, కుడి ప్రక్కను పోవలసిన సందేశములోని గడులును కొమ్మలు రెమ్మలుగా విప్పబడి యుండెను. ఎడమ గడిని మౌసుతో బట్టి కుడి గడివరకు లాగినచో నొక గీత యేర్పడును. గీత నడుమ నొక చిన్న పెట్టె కనబడును. అందు ఆ గీత చేయవలసిన పని పేరుండును. ఉన్నదానిని ఉన్నట్లే కొనిపోవునది మూవ్. రెండు మూడు గడులలోనిదానిని గలిపి యొక గడిలో బెట్టునది కాన్‌క్యాట్. ఒక గడిలోనుండి కొన్ని యక్షరములనే త్రుంచి తీయునది సబ్‌స్ట్రింగ్. ఎడమనుండి యేదియు రాకున్నను కుడి గడిలో మనము చెప్పినదానిని వ్రాయునది అసైన్. షరతు చెల్లినప్పుడే పనిచేయునది ఇఫ్. తెలిసినదానినుండి తెలియనిదానికి బోవలెనని ట్రైనింగు కాలేజీలో మాకు నేర్పిరి. ఇక్కడ తెలిసినది యెడమవైపున, తెలియనిది కుడివైపున నుండుటజూచి మాకు ముచ్చట గలిగెను.

ఆటో మ్యాపు అనునది యొకటి కలదు. పేర్లను బోల్చిచూచి, పోలికగల గడులమధ్య గీతలను తనంతట తానే గీయును. యువకుడు దానిని నొక్కినంతనే తెరనిండ గీతలు బారెను. మేము చప్పట్లు గొట్టబోతిమి. అతడు మాత్రము, "ఆగండి మాస్టారూ, ఒక్కొక్కటి చదవండి" అనెను. చదివితిమి. విద్యార్థి పేరును దెచ్చి తండ్రి పేరు గడిలో బెట్టిన గీత యొకటి యందుండెను. రెండు గడుల పేర్లలోను 'నేమ్' అను మాట యుండుటయే దానికి దొరికిన యాధారము.

పేర్లవిషయమున మాకు గలిగిన చిక్కు పెద్దది. మా పట్టీలో పూర్తిపేరునకు ఒకటే గడి. కేంద్రకార్యాలయపు పట్టికలో మొదటి పేరు, కడపటి పేరు అని రెండు గడులు. నడుమ ఖాళీ యున్నచోట త్రుంచి, ముందుభాగమును మొదటి పేరునకును, వెనుకభాగమును కడపటి పేరునకును గీత గీచితిమి. చూచుటకు రెండు గీతలును సూటిగా, సమముగా నుండెను. పరీక్షకై పది పేర్లు పంపిచూడగా, మన తెలుగువారి యింటిపేరు ముందుండుటచేత, పది మందికిని ఇంటిపేరే మొదటి పేరైపోయెను. ఒకే యింటి పిల్లలు ముగ్గురుకు ఒకటే పేరు వచ్చెను. సరిగా రావలెనన్న నా రెండు గీతలును ఒకదానినొకటి దాటి పోవలెను. అట్లే మార్చితిమి. మార్చి సంతోషించుచుండగా మన క్రైస్తవ కుటుంబముల పిల్లల పేర్లు వచ్చెను. వారిలో కొందరికి రిజిస్టరులో నింటిపేరే వ్రాయబడలేదు. తలిదండ్రులు బెట్టిన జంటపేరు మాత్రము గలదు. జాన్ వెస్లీ యను బాలునికి జాన్ ఇంటిపేరై కూర్చుండెను. మేరీ గ్రేస్ అను బాలికకు మేరీ ఇంటిపేరయ్యెను. ఇది యింటిపేరు, ఇది పెట్టిన పేరు అని తెలియజేయు గురుతేదియు నా యక్షరములలో లేదు. ఏ గీతయు దానిని కనిపెట్టజాలదు. తుదకు రిజిస్టరు ముందిడుకొని, ఒక్కొక్క బిడ్డను దలచుకొని, ఎడమ పట్టికలోనే రెండు గడులు వేరుచేసి చేతితో నింపితిమి. మాకు తెలియని పిల్లల యిండ్లకు కబురు పెట్టితిమి. ఆ పనికి నాలుగు దినములు పట్టెను.

దీనిని జూచినపుడు మాకు బైబిలు తర్జుమాదారుల కష్టము జ్ఞప్తికి వచ్చెను. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషను దొరలు క్రాన్, డిగ్రాంజిగారలు తెలుగు నేర్చి తర్జుమాకు బూనుకొనిరి. వారి తరువాతివారి చేతులమీదుగా 1818లో చెన్నపట్టణమున తెలుగు క్రొత్త నిబంధన అచ్చయ్యెను. గ్రీకు భాషలో 'మేము', 'మనము' అను రెంటికిని ఒకటే మాట. ఇంగ్లీషులోను అంతే. తెలుగులోనో, వినువానిని గలుపుకొన్నచో మనము, కలుపుకొననిచో మేము. దేవునితో ప్రార్థనలో మాటలాడువాడు మేము అనవలెనేగాని మనము అనరాదు. కాబట్టి ఎడమ నొక గడి, కుడిని రెండు గడులు. ఏ గడికి బోవలెనో మూలములోని మాట చెప్పదు. అపొస్తలుడు ఎవరికి వ్రాయుచున్నాడో, ఎవరిని తనతో గలుపుకొనుచున్నాడో యెరిగినవాడే ప్రతి చోటను నిశ్చయింపవలెను. క్రొత్త నిబంధనలో నీ మాట ఎన్ని మారులు వచ్చునో తలచుకొన్నచో, మా నాలుగు దినముల శ్రమ శ్రమగా దోచలేదు.

మార్కుల సంగతి త్వరగా ముగింతుము. ఒక్క విద్యార్థి సందేశములో నారు సబ్జెక్టుల మార్కులు వరుసగా నుండును. మేము మార్కుల గడినుండి మార్కుల గడికి మామూలు గీత గీచితిమి. తెలుగు మార్కులు మాత్రము చేరెను; తక్కిన యైదు సబ్జెక్టులును గట్టు దాటలేదు. మరల మరల వచ్చు గడికి ఫర్ ఈచ్ అను గీత వేయవలెనట. అది ఒక్కొక్కదానికిని తన లోపలి పని చేసి, పిమ్మట తరువాతిదానికి బోవును. తమ పిల్లలు లెక్కలలో నెట్లున్నారో తెలియవలసిన తల్లిదండ్రులకు మా మొదటి గీత యెంత యన్యాయము చేసియుండునో గదా యని నవ్వుకొంటిమి.

తల్లి పేరు గడివద్ద మాత్రము నవ్వలేకపోతిమి. మా పాత రిజిస్టరులో తల్లి పేరునకు నిలువుగడియే లేదు. తరువాతి రిజిస్టరులో గలదు గాని, కొందరికి ఖాళీగా నున్నది. అడుగక విడిచిన ఖాళీ కొన్ని. తల్లి గతించినదను కారణమున అప్పటి గుమాస్తాగారు విడిచిన ఖాళీ కొన్ని. సందేశములో గడియే లేకుండుట యొకటి, గడి యుండి యేమియు వ్రాయకుండుట యొకటి, గడియుండి 'విలువ లేదు' అని గురుతు పెట్టియుండుట వేరొకటి. ఈ మూడును మూడు సంగతులని యువకుడు చెప్పెను. కుడి పట్టిక తల్లి పేరు లేనిదే సందేశమును బుచ్చుకొనదు. అడ్డంకి తొలగుటకై మేము అసైన్ గీతతో నచ్చట ఒక చిన్న అడ్డగీతను వ్రాయించితిమి. సందేశములన్నియు వెళ్లిపోయెను. ఇది మాకప్పుడు తప్పుగా దోచలేదు. పేరున్న తల్లికిని, బ్రతికియుండి మేమడుగని తల్లికిని, సమాధిలో నున్న తల్లికిని ఒకటే అడ్డగీత వచ్చిన పట్టీని తరువాత అచ్చులో జూచినప్పుడు సిగ్గుపడితిమి. ఆలోచింపక మేము గీచిన గీత ఉన్న పేర్లనుగూడ తుడిచివేసెను.

ఇక తేదీ సంగతి. పది దినములు ముగిసి యువకుడు హైదరాబాదు వెళ్లెను. నాలుగు పాఠశాలల సందేశములు సరిగా బోవుచుండెను. మిగిలినది మాదే. పుట్టిన తేదీ మన యలవాటు ప్రకారము మొదట దినము, పిమ్మట నెల, తుదిని సంవత్సరము. కుడి పట్టిక కోరునది సంవత్సరము, నెల, దినము అను వరుస. కావున ఏడవ యక్షరమునుండి నాలుగక్షరములు, నాలుగవ యక్షరమునుండి రెండు, మొదటి యక్షరమునుండి రెండు త్రుంచి, నడుమ అడ్డగీతలుంచి కలుపవలెను. ఈ సాధనము అక్షరములను మన బడిపిల్లలవలెనే ఒకటినుండి లెక్కించును. నాలుగు పాఠశాలలకు మేమే యట్లు వేసితిమి. మా పాఠశాలకును అదే గీత వేసి పంపగా, పెక్కు సందేశములు తిరిగివచ్చెను. పదమూడవ నెల యని, ఇరువదియేడవ నెల యని, ఇట్టి నెలలు లేవని ఫిర్యాదు.

ఆ రాత్రి మేమొంటరిగా గూర్చుండి చూచితిమి. తిరిగివచ్చిన ప్రతి తేదీలోను నడిమి యంకె పండ్రెండును మించియుండెను. నడిమిది నెల కాజాలదు గనుక అదియే దినము. వెంటనే యొక ఇఫ్ పెట్టితిమి: నడిమి యంకె పండ్రెండును మించినచో దానిని దినముగా దీసికొనుము, మించనిచో మామూలుగా నెలగా దీసికొనుము. మరల పంపితిమి. ఒక్కటియు తిరిగి రాలేదు. 412 సందేశములును చేరెను. ఎవరి సాయమును లేక చిక్కు విప్పితిమని ఆ రాత్రి మేము పొందిన గర్వమును దాచనేల? మరునాడు ప్రధానోపాధ్యాయులవారితో గూడ చెప్పుకొంటిమి.

నవంబరు నెలలో వసతిగృహపు మేట్రనుగారు అచ్చయిన పట్టీ యొకటి పట్టుకొని స్టాఫురూమునకు వచ్చిరి. వసతిగృహములోని తోబుట్టువుల పేర్లు ఒకచోట వచ్చునట్లు తీసిన పట్టీ అది. "మాస్టారూ, ఈ అన్నా చెల్లెళ్ల తల్లిని నేను ఎరుగుదును. అన్న పుట్టిన ఏడు నెలలకే చెల్లెలు పుట్టిందని వ్రాశారేమండీ?" అని యడిగిరి. చూచితిమి. అన్న పుట్టినది 2010 అక్టోబరు 1. చెల్లెలు పుట్టినది 2011 మే 6. మా చేతులు చల్లబడెను. రిజిస్టరు దీసి చూడగా అన్న పుట్టినది 2010 జనవరి 10, చెల్లెలు పుట్టినది 2011 జూన్ 5. యంత్రమునకు రెండు తేదీలును నిర్దోషములే. ఇద్దరికిని తల్లి యొక్కతెయని దానికి తెలియదు.

జరిగినది ఇది. మా కార్యాలయమునకు క్రొత్తగా వచ్చిన కంప్యూటరు అమెరికా వారి యలవాటుమీద నుంచబడెను. అందు మేము తీసిన పట్టీలో మొదట నెల, పిమ్మట దినము. తిరిగివచ్చిన తేదీలు మాకు జెప్పినది అదియే: ఈ పట్టీయంతయు తలక్రిందులుగా నున్నదని. మేము ఆ మాట వినక, మొరపెట్టినవానిని మాత్రము సరిచేసి, మొరపెట్టనివానిని సరియైనవని నమ్మితిమి.

ఎన్ని తేదీలు చెడునో లెక్కవేయుడని తొమ్మిదవ తరగతి పిల్లలకు అప్పగించితిమి. వారు వేసిన లెక్క యిది. దినము పండ్రెండు లోపలిదైన తేదీలు ఏటికి 12 రెట్లు 12, అనగా 144. వానిలో జనవరి 1, ఫిబ్రవరి 2 మొదలగు 12 తేదీలు తిరుగవేసినను మారవు. మిగిలిన 132 తేదీలు చప్పుడు చేయక మారిపోవును. 365లో మిగిలిన 221 తేదీలే కేక వేయునవి. అనగా నూరుగురు పిల్లలలో ఇంచుమించు ముప్పదియారుగురికి మేము క్రొత్త పుట్టినదినమిచ్చితిమి. మా 412 మందిలో చేతితో లెక్కింపగా 149 మంది తేలిరి. తాము ఎప్పుడు పుట్టితిమో గురువుగారు మరచినారని వారు వారము దినములు మమ్ము జూచి ముసిముసి నవ్వులు నవ్విరి. నవ్వవలసినదే.

నవ్వరానిది వేరొకటి. ఆ యన్న పదవ తరగతి బాలుడు. మన రాష్ట్రములలో పదవ తరగతి ధ్రువపత్రములోని పుట్టిన తేదీయే తరువాత ఉద్యోగమునకును, పాస్‌పోర్టునకును సాక్ష్యముగా చెల్లును. పరీక్షకు గూర్చుండువారి పట్టీ కొలది దినములలో బోవలసియుండెను. అది వెళ్లి, ధ్రువపత్రము అచ్చయిన పిమ్మట తేదీ మార్పించుట ఎంత ప్రయాసయో, అట్లు తిరిగిన పూర్వవిద్యార్థులను చూచినవారమగుట మేమెరుగుదుము. పదవ తరగతి 78 మందిలో 29 మంది తేదీలు తప్పియుండెను. మూడు రాత్రులు కూర్చుండి రిజిస్టరుతో సరిపోల్చి దిద్దితిమి. ఒకరు చదువగా నొకరు చూచుట, పిమ్మట చూచినవారు చదువుట. మేట్రనుగారును, తెలుగు పండితులవారును మాతో గూర్చుండిరి. ఆ ఇరువదితొమ్మండుగురి తేదీలును పట్టీ వెళ్లకముందే దిద్దబడెను.

యువకునికి ఫోను చేసి సంగతి జెప్పితిమి. కోపపడునేమో యనుకొంటిమి. "ఆ ఫైలు ఏ కంప్యూటరు నుంచి తీశారో ముందు అడగాల్సింది మాస్టారూ. అది మీకు నేను చెప్పి వెళ్లలేదు, తప్పు నాదీ ఉంది" అనెను. అతని మాట ప్రకారము ఇఫ్ తీసివేసి, మా పాఠశాలకు వేరుగా నొక మ్యాపు వేసి, అందు నెల మొదట, దినము పిమ్మట అని నిశ్చయముగా వ్రాసితిమి. తల్లి పేరు వద్ద అడ్డగీతనుగూడ దీసివేసి, పేరున్నచో నా పేరునే కొనిపోవునట్లును, లేనిచో నా సందేశమును నిలిపివేసి మాకు జెప్పునట్లును మార్చితిమి. ఇప్పుడు సందేశములు కొన్ని తిరిగివచ్చుచున్నవి. వచ్చినప్పుడెల్ల ఆ యింటికి పోయి యడుగుచున్నాము.

ఒక్కటి మాత్రము మా చేయి దాటిపోయినది. ఆగస్టు నెలలో ఆరవ తరగతి బాలుడొకడు, తండ్రి తాపీపని వెదకికొని పొరుగు జిల్లాకు బోవుటచేత, టి.సి. పుచ్చుకొని వెళ్లెను. అతడు పుట్టినది 2013 ఫిబ్రవరి 3. టి.సి. లో నుండినది 2013 మార్చి 2. టి.సి. లో తేదీని అంకెలలోను, అక్షరములలోను వ్రాయుట మోసమునకు తావీయకుండుటకే. కాని మా యంత్రము తప్పు అంకెలను జూచి అక్షరములనుగూడ తానే వ్రాసినందున రెండును చక్కగా సరిపోయెను. క్రింద 'పరిశీలించినవారు' అనుచోట మా చేవ్రాలు.

రిజిస్టరు నకలు పట్టుకొని ఒక శనివారము బస్సెక్కి ఆ పాఠశాలకు బోయితిమి. అక్కడి గుమాస్తాగారు పెద్దవారు. టి.సి. ని, మా నకలును ప్రక్కప్రక్కన బెట్టి చూచి, "ఇదెట్లు జరిగింది?" అని యడిగిరి. గీతల సంగతి చెప్పబోయి, మానుకొని, మేము చూడక సంతకము చేసితిమని జెప్పితిమి. ఆయన మరేమియు ననక తప్పు తేదీని ఎర్రసిరాతో కొట్టివేసి, పైన సరియైనది వ్రాసి, కలము మా చేతికిచ్చిరి. ప్రక్కను చేవ్రాలు చేసి, తేదీ వేసితిమి. తరగతి గదిలోనుండి ఆ బాలుడు కిటికీ కమ్ములు పట్టుకొని మమ్ము జూచి చేయి యూపుచుండెను.